లోపలి చక్రం: పదకొండో వారం

పోయినవారం మనం పిట్ షెడ్డులో ఉండగా వదిన హెల్మెట్ తీసి, నలుగురూ వింటుండగా ఒక మాట అనేసింది. "ఈ పెట్టె నాకొద్దు. దీంతో నేను నడపను." ఆ పెట్టెను బిగించిన మనిషి రెండడుగుల దూరంలోనే ఉంది. ఊరుకునే రకమైతే ఈ కథ పదకొండు వారాలు నడిచేదే కాదు. "పెట్టెకేం? బంగారంలా ఉంది. నీ కాలే సరిగ్గా లేదు," అని ఆమె ఇంకాస్త గట్టిగా అంది. అక్కడ ఆగాం.

ఆ రెండో మనిషే మన పళ్ళ డాక్టరు. ఆమె చూసేది నోట్లో పళ్ళు కాదని పాత పాఠకులకి తెలుసు. ఆమె చూసేవి గేర్ల పళ్ళు. స్పోర్ట్స్ కారు వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప బుర్ర ఒకటి ఉంటుంది. దాన్నే డిఫరెన్షియల్ అంటారు, ఈ షెడ్డులో మాత్రం పెట్టె అంటారు. ఇంజను పంపిన బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచిపెట్టే పని దానిది. దాన్ని విప్పి, లోపలి రోగం పట్టుకుని, మళ్ళీ బిగించడంలో చుట్టుపక్కల పది షెడ్లలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఈ సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలుసు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కారు నడిపే వదిన ఈ డాక్టరు అన్నయ్య భార్య. మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని భార్యకీ చెల్లెలికీ మధ్య నలిగిపోయేది అన్నయ్య. ఈ ముగ్గురినీ ఒక మూల నుంచి చూస్తూ, పడుకోబెట్టిన టైరు మీద కూర్చున్నది నాన్న. ఈ సీజన్లో చలికాలానికి ముందు మూడు రేసులు గెలిచి, నలుగురి చేతులతో నడిచే ఆ చిన్న గ్యారేజీ కారు పాయింట్ల పట్టికలో మొట్టమొదట నిలబడింది. రేపు ఆఖరి రేసు. అందులోకి వెళ్ళాలంటే ఇవాళ మూడున్నరకి జరిగే క్వాలిఫయింగ్‌లో మొదటి ఎనిమిది మందిలో ఉండాలి. పొద్దున్న ప్రాక్టీసులో వదిన పదకొండో స్థానంలో తేలింది. టైమంతా ఐదో మలుపులోనే పోతోంది. అక్కడ మలుపు లోపలి అంచున ఉన్న సిమెంటు గట్టు మీదకి కారు ఎక్కగానే ఇంజను గోల పెడుతుంది కానీ బండి ముందుకు పోదు.

ఇప్పుడు టైము పన్నెండున్నర.

"కాలు సరిగ్గా లేదా?" అంది వదిన. ఆమెకి ముక్కు మీదే కోపం. కానీ ఈసారి గొంతు పెంచలేదు, అది ఇంకా ప్రమాదం. "మూడు రేసులు గెలిచినప్పుడు ఈ కాలు ఎవరిదమ్మా? అద్దెకి తెచ్చానా?"

"అప్పుడు పాత పెట్టె. అది మొద్దుది, ఎలా తొక్కినా ఊరుకుంటుంది. ఇది సున్నితమైన సరుకు. దీన్ని మెల్లగా అడగాలి, నువ్వేమో పీక పట్టుకుని అడుగుతున్నావు."

"మెల్లగా అడగడానికి ఇది రేసా, పెళ్ళిచూపులా?"

పక్క షెడ్డువాళ్ళు నవ్వారు. అన్నయ్య కూడా నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి దగ్గు కింద మార్చేశాడు.

నిజం చెప్పుకోవాలంటే డాక్టరు పంతానికి కారణం ఉంది. చలికాలమంతా ఆమె ఆ కొత్త పెట్టె మీదే కూర్చుంది. పాతది ప్లేట్ల డిఫరెన్షియల్. లోపల పలచటి ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ, రెండు చక్రాల్లో ఏదీ హద్దు దాటి పరుగెత్తకుండా బిగబట్టి ఉంచుతాయి. కొత్తదాంట్లో ప్లేట్లు లేవు. మెలితిప్పిన పళ్ళున్న గేర్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ, పట్టు తక్కువగా ఉన్న చక్రం నుంచి బలాన్ని లాగి పట్టున్న చక్రానికి ఇస్తాయి. అరిగేది లేదు, చప్పుడు లేదు, మూడు నెలలకోసారి విప్పాల్సిన పని లేదు. బల్ల మీద పెట్టి ఒక చక్రం వైపు పట్టుకుని తిప్పితే వెన్నలా కదులుతుంది. అలాంటి వస్తువు తప్పంటే ఆమెకి ఒళ్ళు మండదూ?

"అయిందా?" అన్నాడు నాన్న టైరు మీద నుంచి లేవకుండానే. "ఒకళ్ళు పెట్టె అన్నారు, ఒకళ్ళు కాలన్నారు. బాగుంది. ఐదో మలుపేమందో ఎవరైనా అడిగారా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు.

"భోజనాల వేళ, ట్రాక్ మీద కార్లు లేవు. ఒంటిగంట వరకూ నడవనిస్తారు. వెళ్ళి చూసిరా. నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా, వాటికేం తక్కువ లేదుగా?"

ఆ ఎత్తిపొడుపు తనకేనని డాక్టరుకి తెలిసింది. చేతిగుడ్డ విసిరికొట్టి బయల్దేరింది. అన్నయ్య వెనకే పరుగులాంటి నడక నడిచాడు. ఎండ తారు మీద నుంచి పైకి కొడుతోంది. వాళ్ళు వెళ్ళేసరికి ఐదో మలుపు దగ్గర ఎవరూ లేరు. రంగు వేసిన సిమెంటు గట్టు మీద పొద్దుటి కార్ల టైరు మరకలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"వీటిల్లో మనదేదో ఎలా తెలుస్తుందే?" అన్నాడు అన్నయ్య.

"లోపలి అంచు దాకా ఎక్కే మొండిఘటం ఇంకెవరున్నారు, మీ ఆవిడ తప్ప?"

నిజమే. గట్టు చివరి అంచు మీద ఒకే ఒక్క కారు జాడ ఉంది. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు చక్రం గీత తెగకుండా గట్టు మీదుగా వెళ్ళి అవతల దిగింది. వెనక చక్రం గీత దాని పక్కనే వచ్చింది. వచ్చి, గట్టు నడుమ ఆగిపోయింది.

ఆమె ఇంకాస్త వంగి చూసింది. గీత పలచబడలేదు, పక్కకి జరగలేదు. కోసేసినట్టు ఆగిపోయింది. తరవాత శుభ్రమైన రంగు. ఆరేడు అడుగులు నడిస్తే, అక్కడ నల్లటి ముద్ద. రబ్బరు కాలి అంటుకున్న మరక.

"ఏం పోయిందే? ఏం వెతుకుతున్నావు?"

"చక్రం."

"ఏ చక్రం?"

"లోపలి వెనక చక్రం. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా అది నేల మీద లేదురా అన్నయ్యా! గాల్లో ఉంది! గాల్లో గిర్రున తిరుగుతూ వచ్చి, ఇదిగో ఇక్కడ పడింది. ఈ ముద్ద అందుకే."

ఆమె గొంతులో ఉత్సాహం చూసి అన్నయ్య కంగారుపడ్డాడు. ఓడిపోయిన మనిషి గొంతు అలా ఉండదు. కానీ రోగం దొరికిన క్షణంలో డాక్టరుకి గెలుపూ ఓటమీ గుర్తుండవు. ఆమె గట్టు మీద నిలబడి చేతులూపుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"నా పెట్టె ఏం చేస్తుంది? పట్టు లేని చక్రానికి ఎంత బలం వెళుతోందో దానికి మూడింతలు రెండోదానికి ఇస్తుంది. చాలా మంచిది. కానీ గాల్లో ఉన్న చక్రానికి పట్టెంత?"

"ఏం ఉండదు."

"సున్నా. సున్నాకి మూడింతలెంత?"

అన్నయ్య ఆలోచించాడు. ఈ లెక్కకి ఆలోచన అక్కర్లేదు కానీ చెల్లెలు అడిగితే అతనికి అన్నీ పరీక్షలే. "సున్నాయే కదా?"

"అదే! చక్రాలు నేల మీద ఉన్నంతసేపూ అది దేవత. ఒకటి లేచిందా, దానికి చేతులు లేవు, కాళ్ళు లేవు. ఇంజను బలమంతా గాల్లో తిరిగే చక్రానికి పోతుంది. రెండో చక్రం చూస్తూ కూర్చుంటుంది. మిగతా మలుపుల్లో గట్లు ఎత్తు లేవు కాబట్టి బయటపడలేదు."

అప్పుడు గానీ ఆ మాటల అర్థం ఆమెకే అందలేదు. వదిన కాలు ఏ తప్పూ చేయలేదు. గట్టు అంచు దాకా ఎక్కి, ఎక్కడ తొక్కాలో అక్కడే తొక్కింది. తప్పు తను చలికాలమంతా కూర్చుని తెచ్చుకున్నది. ఆ మాట పక్క షెడ్డువాళ్ళు కూడా వింటుండగా వెనక్కి తీసుకోవాలి. అయినా పరుగెత్తింది, ఎందుకంటే టైము ఒంటిగంట కావస్తోంది.

షెడ్డులో వదిన డ్రైవింగ్ సూటు నడుముదాకా దించుకుని, నీళ్ళ సీసా పట్టుకుని కూర్చుంది. డాక్టరు ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయాసం తగ్గకముందే చెప్పేయకపోతే ఇంక చెప్పలేనని తెలుసు.

"తప్పు పెట్టెది. నాది. నీ కాలిది కాదు."

పక్క షెడ్డువాళ్ళు తలలు తిప్పారు. వదిన సీసా మూత తిప్పుతూ, "ఏంటి? ఈ చెవి సరిగ్గా వినపడట్లేదు. ఇటు వచ్చి చెప్పు," అంది.

"వదినా!"

"సరేలే, వినపడింది. ఇలాంటివి రెండోసారి వింటే దిష్టి తగులుతుంది." అని లేచింది. నవ్వుతూనే ఉంది కానీ కళ్ళు గోడ గడియారం మీదున్నాయి. "రెండున్నర గంటలు. ఏం చేద్దాం?"

ఇక చూడండి, ఆ షెడ్డులో అందరికీ ఒకేసారి పూనకం వచ్చింది. అన్నయ్య ముందుకొచ్చి, "లోపలి గేర్లకి వెల్డింగ్ పెట్టేస్తే? రెండు చక్రాలూ ఒక్కటైపోతాయి, ఒకటి లేచినా రెండోది నెడుతుంది," అన్నాడు. నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "ఐదో మలుపులో నెడుతుంది. మిగతా తొమ్మిది మలుపుల్లో? బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. రెండింటినీ కలిపి కట్టేస్తే కారు తిరగదు, ముక్కుసూటిగా గడ్డిలోకి పోతుంది." డాక్టరు ఇంకో దారి చెప్పింది. గట్టు మీద ఎక్కినప్పుడు ఎడమ కాలితో బ్రేకు కాస్త తాకిస్తే, గాల్లో చక్రానికి కొంచెం బరువు తగిలినట్టయి కొత్త పెట్టె పనిచేస్తుంది. వదిన తల అడ్డంగా ఊపింది. "చేయొచ్చు. వారం రోజులు ప్రాక్టీసు చేయనిస్తే చేస్తాను. ఇవాళ నేర్చుకుని ఇవాళే చేస్తే నేనూ గడ్డిలోకే."

"అయితే పాతదే," అంది డాక్టరు. "ప్లేట్ల పెట్టె. లోపలి స్ప్రింగు ప్లేట్లని ఎప్పుడూ నొక్కి ఉంచుతుంది కాబట్టి చక్రం లేచినా రెండోదానికి కొంత బలం పోతుంది. అరిగిపోయిన ప్లేట్లు తీసేసి కొత్తవి వేసి బిగిస్తాను. అన్నయ్యా, నువ్వు కారు లేపు. నా పెట్టె దించెయ్."

ఆ 'దించెయ్' అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో అన్నయ్యకి తెలుసు. వెంటనే జాకీ అందుకున్నాడు.

పాత పెట్టె చెక్క డబ్బాలో, నూనెగుడ్డ చుట్టుకుని ఉంది. ఇక్కడ ఆ గ్యారేజీ ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరు ఏ పెట్టె బిగించినా, బోల్టుల తలల మీదుగా సన్నటి పసుపు గీత గీస్తారు. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. గీత గీసిన చెయ్యే దాన్ని విప్పాలి, లేదా వాళ్ళకి చెప్పి విప్పాలి. చెప్పకుండా ఇంకొకరి పెట్టె విప్పడం ఆ ఇంట్లో దొంగతనంతో సమానం. నాన్న పెట్టిన రూలు అది. నాన్న బిగించిన ఈ పెట్టెను డాక్టరు కూడా ఎప్పుడూ విప్పలేదు. పోయిన చలికాలంలో బయటినుంచే టార్క్ రెంచ్ పెట్టి చూసింది. ఒక చక్రాన్ని పట్టుకుని రెండోదాన్ని కదిలించడానికి ఎంత బలం కావాలో ఆ రెంచ్ చెబుతుంది. నాన్న బిగించినప్పుడు తొంభై. ఆమె చూసినప్పుడు అరవై. ప్లేట్లు అరిగిపోయాయని తేల్చేసి, కొత్తరకం పెట్టె తెస్తానని పట్టుబట్టింది. అక్కడ మొదలైంది ఈ గొడవంతా.

"నాన్నా, విప్పుతున్నాను," అంది.

"విప్పు."

బోల్టులు వచ్చేశాయి. మూత లేచింది. కుడివైపు ప్లేట్ల దొంతర వేళ్ళతో పట్టుకుని పైకి తీసి, మొదటి ప్లేటుని కొలత పెట్టి చూసింది. భృకుటి ముడిపడింది. రెండోది చూసింది. మూడోది చూసింది. కొలతపరికరం తుడిచి మళ్ళీ మొదటిదే చూసింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న.

"అరగలేదు. ఒక్క ప్లేటు కూడా అరగలేదు నాన్నా. కొత్తవాటిలా ఉన్నాయి."

"మరి అరవై ఎలా వచ్చింది?"

అప్పుడు చూసింది డాక్టరు వాటి వరస. ప్లేట్లు రెండు రకాలు. చెవులున్నవి పెట్టెతో పాటు తిరుగుతాయి, లోపల పళ్ళున్నవి చక్రంతో పాటు తిరుగుతాయి. ఒకటి చెవులది, ఒకటి పళ్ళది, ఒకటి చెవులది, ఒకటి పళ్ళది, ఇలా పేర్చాలి. అప్పుడే ప్రతి ప్లేటూ పక్కదాన్ని రాస్తుంది. రెండు వైపులా కలిపి పన్నెండు రాపిడి ముఖాలు. నాన్న చేత్తో ఆమె వెయ్యిసార్లు చూసిన వరస అది. ఈ దొంతరలో మాత్రం రెండు చెవుల ప్లేట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఇంకో చోట రెండు పళ్ళ ప్లేట్లు జతగా ఉన్నాయి. ఒకే రకానివి కలిసి తిరుగుతాయి కాబట్టి వాటి మధ్య రాపిడి ఉండదు. ఎడమవైపు తీసి చూస్తే అక్కడా అంతే, అద్దంలో చూసినట్టు.

పన్నెండు కాదు. ఎనిమిది. మూడోవంతు పట్టు తగ్గింది. తొంభైలో మూడోవంతు తీసేస్తే అరవై.

"ఇది పొరపాటు కాదు," అంది డాక్టరు. "రెండు వైపులా ఒకేలా ఉంది. తెలిసి పేర్చారు. నాన్నా, నువ్వా?"

"నేను పన్నెండే పెట్టాను."

"అన్నయ్యా?"

"నాకు చెవులేవో పళ్ళేవో ఇప్పుడే తెలిసింది."

"మరి గీత విరగలేదు. నేను చూశాను. ఎవరో విప్పి, పేర్చి, మళ్ళీ నాన్న చేత్తో గీసినట్టే గీశారు. ఎవరు?" ఆమె నిప్పులు చెరుగుతూ పక్క షెడ్డు వైపు తిరిగింది. "ఎవడు మన షెడ్డులోకొచ్చి..."

"అటు చూడకు," అంది వదిన. "దాన్ని విప్పింది నేను."

అన్నయ్య చేతిలోంచి పానా జారి నేల మీద పడింది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

"నువ్వా? నీకు..."

"నాకేం తెలుసనా? ఆరేళ్ళుగా నీ బల్ల పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. కళ్ళు మూసుకుని తాగుతాననుకున్నావా?" వదిన మాట మొదట వెటకారంగానే వచ్చింది, తరవాత ఆ వెటకారం ఎక్కడికో పోయింది. "సీజను మొదట్లో చెప్పాను. నెమ్మది మలుపుల్లో కారు ముక్కు తిరగట్లేదు, పెట్టె మరీ బిగుతుగా ఉంది, కాస్త వదులు చెయ్యండని. నువ్వేమన్నావు? 'మా నాన్న పెట్టె ఇరవయ్యేళ్ళుగా ఇలాగే ఉంది, నువ్వే అలవాటు చేసుకో' అన్నావు. మావయ్యగారిని అడిగితే నవ్వారు. మీరంతా సామాన్లకి వెళ్ళిన రోజు విప్పాను. ఆ తరవాతే ఆ మూడు రేసులు గెలిచాం."

"మూడు రేసులు," అంది డాక్టరు.

"మూడూ."

ఆ మూడు గెలుపుల తరవాత షెడ్డు షెడ్డుకీ తిరిగి, 'అంతా మా నాన్న పెట్టె మహిమ' అని చెప్పుకున్నది తనే. అంత మంచి అమరికని అరుగుదల అనుకుని, విప్పి చూడకుండా డబ్బాలో పెట్టేసిందీ తనే. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను అరిగిపోయాయని చెప్పి తీసేస్తుంటే, అప్పుడైనా చెప్పాల్సింది కదా వదినా!"

"ఎలా చెప్పను? చెప్పకుండా పెట్టె విప్పితే దొంగతనం. మీ ఇంటికొచ్చిన మొదటివారమే చెప్పారు నాకు. దొంగనని నా నోటితో నేనే చెప్పుకోనా?" వదిన కళ్ళు చెమర్చాయి. అది ఆమెకే నచ్చక మొహం చేత్తో రుద్దేసుకుంది. "చెప్పాల్సింది. తప్పే. నాకు భయమేసింది."

ముగ్గురూ నాన్న వైపు చూశారు. రూలు ఆయనది, పెట్టె ఆయనది. ఆయన లేచొచ్చి బల్ల మీదకి వంగి, ప్లేట్లని ఒక్కొక్కటిగా వేలితో లెక్కపెట్టాడు.

"ఎనిమిదే ఎందుకమ్మా?" అన్నాడు. "నాలుగు పెట్టి చూడలేదా?"

"చూశాను మావయ్యా. ముక్కు బాగా తిరిగింది గానీ తోక నిలబడలేదు."

"అంటే రెండుసార్లు విప్పావన్నమాట!"

వదిన నాలిక కరుచుకుంది. పెద్దాయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని అన్నయ్య దగ్గరికి వెళ్ళేసరికి, ఆయన కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. "నా గీత గియ్యడం నా కూతురికే చేతకాదు," అన్నాడు. "కానివ్వండి, టైము పోతోంది. రూలు సంగతి ఇంటికెళ్ళి చూసుకుందాం."

ఆ తరవాతి గంటన్నర ఆ షెడ్డులో ఎవరూ నడవలేదు, పరుగెత్తారు. "పన్నెండు పెట్టనా, ఎనిమిదే ఉంచనా?" అని డాక్టరు అడిగింది. ఆరేళ్ళలో వదినని ఆమె అడిగిన మొదటి పని ప్రశ్న అది. "గాల్లో చక్రం లేచినా అరవై చాలు. తొంభై పెడితే మళ్ళీ ముక్కు మొరాయిస్తుంది," అంది వదిన. "అయితే నువ్వు పేర్చు, నేను నూనె రాసి అందిస్తాను." రెండు జతల చేతులు ఒకే దొంతర మీద పనిచేశాయి. చెవులది, చెవులది, పళ్ళది, చెవులది, పళ్ళది, పళ్ళది, చెవులది. మూత బిగించి టార్క్ రెంచ్ పెడితే ముల్లు సరిగ్గా అరవై మీద ఆగింది. ఇద్దరూ ఒక్కసారి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వేశారు. బుర్ర కారు కిందకి వెళ్ళింది, ఇరుసులు ఎక్కాయి, నూనె పోశారు. అన్నయ్య స్టాప్‌వాచ్ చూసి "ఇరవై రెండు నిమిషాలుంది! ఇరవై రెండు!" అని అరిచాడు. డాక్టరుకి ఒళ్ళంతా నూనె, గుండె నిండా సంతోషం. ఐదో మలుపులో ఈ కారు ఇప్పుడు ఎలా లేచిపోతుందో ఆమెకి కళ్ళకి కడుతోంది. ఎనిమిదోది కాదు, మొదటి స్థానమే వస్తుంది!

అప్పుడు తనిఖీ అధికారి వచ్చింది.

ఆవిడ ఎప్పుడూ నవ్వదు, ఎప్పుడూ కసరదు కూడా. చేతిలో ఫైలు, చెవి మీద కలం. "వెనక డిఫరెన్షియల్ మార్చారని చెప్పారు. షీటు నింపండి," అంది. రేసు రేసుకీ నింపే షీటే అది. ఏ రకం పెట్టె, ఎన్ని ప్లేట్లు, ఎన్ని రాపిడి ముఖాలు, కింద బిగించినవాళ్ళ సంతకం. ఎలాగైనా బిగించుకోవచ్చు, దానికి అడ్డు లేదు. కానీ షీటు మీద రాసిందే పెట్టెలో ఉండాలి. లేకపోతే ఆ రేసు కొట్టేస్తారు.

డాక్టరు కలం తీసుకుంది. రకం రాసింది. ప్లేట్ల లెక్క రాసింది. రాపిడి ముఖాల గడి దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ మూడు రేసులకీ షీటు నింపింది తను. మూడింటిలోనూ 'పన్నెండు' అని రాసింది. నాన్న పెట్టె కదా, విప్పి చూసేదేముందని కళ్ళు మూసుకుని రాసి, కింద తన సంతకం పెట్టింది. ఇప్పుడు ఎనిమిదని రాస్తే ఆ మూడు గెలుపులూ ఈ ఒక్క అంకెతో పోవచ్చు. పట్టికలో పైనున్న కారు అడుక్కి పోతుంది. పన్నెండని రాస్తే ఎవరూ పెట్టె విప్పి చూడరు. ఈ ఇరవై నిమిషాల్లో ఎవరు విప్పుతారు?

అన్నయ్యకి కూడా అర్థమైంది. అతను చెల్లెలి వెనక నిలబడి, పెదవులు కదపకుండా "పన్నెండు," అన్నాడు. వదిన హెల్మెట్ రెండు చేతుల్లో పట్టుకుని షీటు వైపు చూస్తోంది. ఆమె మొహం పాలిపోయింది. ఆ షీట్ల సంగతి ఆమెకీ ఇప్పుడే తట్టింది.

డాక్టరుకి పన్నెండు రాయాలనే ఉంది. అది దాచడం ఎందుకు? ఆ సీజనంతా, ఆ చెమటంతా, నలుగురి అన్నం ఆ అంకెలో ఉన్నాయి. కానీ ఇందాకే ఆమె కళ్ళ ముందు ఒక మనిషి తన దొంగతనం తన నోటితో ఒప్పుకుంది. ఆ మనిషి పేర్చిన ప్లేట్లు ఎనిమిది ముఖాలతో లోపల ఉన్నాయి. వాటిని పన్నెండని రాయడమంటే వదిన చేసిన పనిని మళ్ళీ లేదనడమే.

ఎనిమిది అని రాసి సంతకం పెట్టింది.

అధికారి షీటు తీసుకుని చదివింది. ఫైల్లో పాత షీట్లు తిరగేసింది. ఒకటి. రెండు. మూడు. మూడోదాని మీద ఆవిడ వేలు ఆగింది.

"ఇదే పెట్టె కదా? పాత షీట్లలో పన్నెండని ఉంది."

"అవును. అప్పుడూ ఎనిమిదే," అంది డాక్టరు.

అధికారి తలెత్తింది. "మూడు షీట్లూ తప్పేనా? అయితే నాకు ఒక్కటే చెప్పండి. ఇది ఎవరి పని?"

"నాది," అంది డాక్టరు.

"నాది," అంది వదిన.

ఒక్క క్షణం కూడా తేడా లేదు. ఇద్దరిలో ఏ గొంతు ముందు వచ్చిందో పక్కనే ఉన్న అన్నయ్యకి కూడా తెలియలేదు. వదిన హెల్మెట్ బల్ల మీద పెట్టి, వచ్చి ఆడపడుచు పక్కన నిలబడింది.

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఫైలు మూసింది. "ఇద్దరూ నాతో ఆఫీసుకి రండి. నేను చెప్పేదాకా కారు స్టాండ్ల మీద నుంచి దిగకూడదు."

బయట మొదటి కారు ఇంజను అందుకుంది. అన్నయ్య స్టాప్‌వాచ్‌లో పద్నాలుగు నిమిషాలున్నాయి.